భూమి జాతిదన్న జమీందారు

జమీందారీ కుటుంబంలో పుట్టి, భూమి జాతి సొత్తు కావాలని పార్లమెంటు ఎన్నికల్లో ఓట్లడిగినవాళ్లు ఎంతమంది వుంటారు? స్కాట్లండ్‌లో అలాంటివాడు ఒకడున్నాడు. ఆయన పేరు రాబర్ట్ బాంటైన్ కన్నింగ్‌హామ్ గ్రాహం. రైతు పాఠకుల ముందు ఒక జమీందారు కథ ఎందుకు పెడుతున్నారని అడగొచ్చు. ఆయన మంచితనాన్ని పొగడటానికి కాదు. ఆ మంచితనం రైతుకు ఏమిచ్చింది, ఏమివ్వలేకపోయింది అన్నది చూడాలనే మేం ఈ జీవితాన్ని ఎంచుకున్నాం.

గ్రాహం 1852లో లండన్‌లో పుట్టాడు. స్కాట్లండ్‌లోని గార్ట్‌మోర్ ఎస్టేటు ఆయన వంశానిది. ఒకప్పటి స్కాట్లండ్ రాజుల రక్తం తమలో వుందని చెప్పుకునే వంశం అది. ధనికుల బిడ్డలు చదివే హారో స్కూల్లో చదివాడు. ఇరవై ఏళ్లు నిండకముందే పశువుల వ్యాపారం చేద్దామని అర్జెంటీనా వెళ్లాడు. వ్యాపారం కలిసిరాలేదు. కాని అక్కడి గాచోలతో, అంటే గుర్రాల మీద తిరిగే పశువుల కాపరులతో కలిసి తిరిగాడు, వాళ్ల తిండే తిన్నాడు. డాన్ రాబర్టో అన్న పేరు అలా వచ్చిందే.

1883లో తండ్రి పోవటంతో ఎస్టేటు చేతికొచ్చింది. దాంతోపాటు పీకలదాకా అప్పులూ వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే స్కాట్లండ్ ఉత్తర కొండప్రాంతాల్లో క్రాఫ్టర్లనే చిన్న కౌలు రైతులు తిరగబడుతున్నారు. గొర్రెల మందల కోసం, వేట అడవుల కోసం భూస్వాములు తరతరాలుగా వాళ్లను ఊళ్లనుంచి వెళ్లగొడుతూ వచ్చారు. 1882లో స్కై ద్వీపంలోని బ్రేస్ గ్రామాల్లో ఆడా మగా కలిసి పోలీసులమీద రాళ్లు రువ్వారు. ప్రభుత్వం దిగివచ్చి కమిషన్ వేసింది. 1886లో చట్టం వచ్చింది. ఇష్టం వచ్చినట్టు బేదఖలు చెయ్యటం ఆగింది. న్యాయమైన కౌలు నిర్ణయించే ఏర్పాటు జరిగింది. అయితే పోయిన భూములు తిరిగి రాలేదు. పైగా ఆ చట్టం ఏడు కౌంటీలకే వర్తించింది. గార్ట్‌మోర్ వాటిలో లేదు.

అదే 1886లో గ్రాహం వాయవ్య లానార్క్‌షైర్‌నుంచి లిబరల్ అభ్యర్థిగా నిలబడి మూడు వందల పైచిలుకు ఓట్లతో గెలిచాడు. అది బొగ్గుగని కార్మికులుండే సీమ. భూమీ గనులూ జాతీయం చెయ్యాలి, ఎనిమిది గంటల పనిదినం కావాలి, ప్రభువుల సభ రద్దు కావాలి, స్కాట్లండ్‌కు స్వపరిపాలన కావాలి: ఇదీ ఆయన కార్యక్రమం. లిబరల్ పార్టీ పెద్దలకు ఇది మింగుడుపడలేదు.

సభలో ఆయన మర్యాదలు చూసుకోలేదు. 1887లో గనుల బిల్లును ప్రభువుల సభ సవరించబోతే ఘాటుగా నిరసించి సస్పెండయ్యాడు. 1888లో క్రాడ్లీ హీత్‌లో గొలుసులు చేసే కూలీల, అందులోనూ ఆడకూలీల, దుర్భర పరిస్థితిని చర్చించమని పట్టుబట్టి మళ్లీ బయటికి పోయాడు. క్షమాపణ చెప్పలేదు.

1887 నవంబరు 13న లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో జరిగినది అన్నిటికన్నా పెద్ద ఘటన. ఐర్లండ్‌లో అధిక కౌలు కట్టొద్దని రైతులకు చెప్పిన పార్లమెంటు సభ్యుడు విలియం ఓబ్రయన్‌ను జైల్లో పెట్టారు. అందుకు నిరసనగా పెట్టిన సభను నిషేధించారు. జనం ఆగలేదు. తర్వాత మన దేశంలో హోంరూల్ ఉద్యమం నడిపిన అనీబిసెంట్ కూడా ఆనాటి ఊరేగింపుల్లో వుంది. కార్మిక నాయకుడు జాన్ బర్న్స్‌తో కలిసి గ్రాహం పోలీసు వరసమీదికి నడిచాడు. తల పగిలింది. ఆరు వారాల జైలు పడింది. కౌలు రైతుల నాయకుడి కోసం ఒక భూస్వామి లాఠీ దెబ్బలు తినటం మామూలు సంగతి కాదు.

1888లో కెయిర్ హార్డీతో కలిసి స్కాటిష్ లేబర్ పార్టీని స్థాపించి దానికి అధ్యక్షుడయ్యాడు. క్రాఫ్టర్ల ఓట్లతో గెలిచిన డాక్టర్ గావిన్ క్లార్క్ కూడా అందులో చేరాడు. గని కార్మికుడూ చిన్న రైతూ ఒకే జెండా కిందికి రావాలన్న ఆలోచనకు అది తొలి అడుగు. కాని 1892లో గ్లాస్గోలో లేబర్ అభ్యర్థిగా పోటీచేసి ఓడిపోయాడు. మళ్లీ పార్లమెంటు ముఖం చూడలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. అప్పుల భారం తాళలేక 1900లో గార్ట్‌మోర్‌ను అమ్మేశాడు. కొన్నది చార్లెస్ కేజర్ అనే ఓడల కంపెనీ యజమాని. రైతులు రైతులుగానే వున్నారు, యజమాని మారాడు. పాతకాలపు జమీందారు పోయి కొత్తకాలపు పెట్టుబడిదారు వచ్చాడు, అంతే. భూమి జాతిది కావాలన్నవాడి భూమే బజారు సరుకయిపోయింది. దీన్ని ఆయన ద్రోహం అనటం తొందరపాటు అవుతుందని మా అభిప్రాయం. అప్పులవాడి చేతిలో ఆదర్శం వున్నా, తాళంచెవి అప్పిచ్చినవాడి దగ్గర వుంటుంది. ఇది రైతుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఆయనలో వైరుధ్యాలు ఇంకా వున్నాయి. 1914లో యుద్ధం వద్దని సభల్లో మాట్లాడాడు. కొద్ది నెలల్లోనే బ్రిటిష్ సైన్యానికి గుర్రాలు కొనటానికి ఉరుగ్వే వెళ్లాడు. ఇది దాచాల్సిన పని లేదు.

స్వపరిపాలన మాట మాత్రం చివరిదాకా వదల్లేదు. 1928లో నేషనల్ పార్టీ ఆఫ్ స్కాట్లండ్‌కు తొలి అధ్యక్షుడయ్యాడు. 1934లో స్కాటిష్ నేషనల్ పార్టీ ఏర్పడినప్పుడు గౌరవాధ్యక్షుడయ్యాడు. 1936 మార్చిలో బ్యూనస్ ఎయిర్స్‌లో కన్నుమూశాడు. శరీరాన్ని ఓడలో స్వదేశానికి తెచ్చి మెంటీత్ సరస్సు మధ్య ద్వీపంలో భార్య సమాధి పక్కనే పాతిపెట్టారు.

ఆయన కోరిన స్కాటిష్ పార్లమెంటు 1999లో వచ్చింది. భూమి విషయంలో మాత్రం రైతులు దానికోసం కాచుక్కూర్చోలేదు. 1993లో అసింట్ క్రాఫ్టర్లు చందాలు పోగుచేసి తాము దున్నే ఎస్టేటునే కొనుక్కున్నారు. 1997లో ఎగ్ ద్వీపవాసులు అదే పని చేశారు. 2003లో ఇలా కొనే హక్కు చట్టమయింది. 2004లో పాత భూస్వామ్య హక్కుల పద్ధతి రద్దయింది. అయినా పెద్ద ఎస్టేట్లు ఇప్పటికీ పోలేదు.

గ్రాహం నిజాయితీని మేం శంకించటం లేదు. కాని ఆయన జీవితం చెప్పే పాఠం ఒకటే. దొర మంచివాడయితే రైతుకు కొంత ఊరట దొరకొచ్చు, హక్కు దొరకదు. ఆ దొర అప్పులపాలయిన రోజున ఊరటా పోతుంది. 1886 నాటి చట్టాన్ని తెచ్చింది బ్రేస్ రైతులు, అసింట్ భూమిని తెచ్చుకున్నది అసింట్ రైతులు. గ్రాహం గొప్పతనమల్లా, అలాంటివాళ్ల పక్కన నిలబడి దెబ్బలు తినటమే.