యాసలను వినడం నేర్పిన మాస్టారు



బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. అక్కడి ఆఫీసుల్లో పనిచేసే మీలో చాలామంది రోజూ అమెరికా వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతుంటారు. అవతలి వ్యక్తి 'యాల్' అంటే దక్షిణాది రాష్ట్రాల మనిషేమో అనుకుంటారు. 'పిన్', 'పెన్' రెండూ ఒకేలా పలికితే ఆ అనుమానం బలపడుతుంది. 'కార్' చివర 'ర్' వినిపించకపోతే బోస్టన్ వైపు కావచ్చు. ఆ యాసలు విని మీరు నవ్వరు. అర్థం చేసుకోవడానికి ఇంకాస్త శ్రద్ధగా వింటారు.

మరి మన పిల్లలు ఇంటి యాసలో మాట్లాడితే? ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. ఎవరి పుట్టినరోజున ఈ పండుగ చేసుకుంటున్నామో, ఆ గిడుగు వెంకట రామమూర్తి గారి జీవితమే దీనికి జవాబు చెబుతుంది.

గిడుగు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాషకు అప్పట్లో పుస్తకాలూ లేవు, బడులూ లేవు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. అది మన తెలుగు కుటుంబానికి చెందినది కాదు, ముండా కుటుంబపు భాష. గొంతును క్షణకాలం మూసి తెరిచే పలుకు వంటి, మన అక్షరాలకు అందని ధ్వనులు అందులో ఉన్నాయి. వాటిని ఆయన చెవితో పట్టుకుని కాగితం మీద పెట్టారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది.

ఆ కొండల్లో తిరుగుతుండగా ఆయనకు విషజ్వరం వచ్చింది. క్వినైన్‌తో జ్వరం తగ్గింది కానీ చెవుడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. మాటల ధ్వనుల మీద పనిచేసే మనిషికి అంతకు మించిన దెబ్బ ఏముంటుంది? అయినా ఆయన పని ఆపలేదు.

రెండో పోరాటం తెలుగు బడి కోసం. ఆ రోజుల్లో పిల్లలు ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాషలోనే రాయాలి. తెలిసిన విషయమైనా నోటికి వచ్చిన మాటల్లో రాస్తే తప్పే. పాఠశాలల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్, గురజాడ తదితరులతో కలిసి గిడుగు వాడుక భాష కోసం వాదించారు. జయంతి రామయ్య పంతులు వంటి పండితులు గట్టిగా ఎదిరించారు. గిడుగు ఊరూరా సభల్లో మాట్లాడారు, 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రికి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. బడుల్లో, పత్రికల్లో ఆయన కోరిన భాష పూర్తిగా స్థిరపడింది ఆ తర్వాతే.

ఒక మాట గుర్తుంచుకోవాలి. రాతకు గిడుగు కోరింది చదువుకున్నవారి వాడుక భాషను. కాబట్టి పరీక్షలో అందరికీ తెలిసిన భాష రాయమని పిల్లలకు చెప్పడం తప్పు కాదు. తప్పల్లా ఇంటి మాటను చిన్నబుచ్చడమే.

మన తరగతి గదిలో ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా వినిపించవచ్చు: 'ఏడికి పోతున్నవ్' తెలంగాణ, 'ఎక్కడికి వెళ్తున్నావు' కోస్తా, 'యాడికి పోతాండావ్' రాయలసీమ, 'ఎక్కడికెల్తన్నావు' ఉత్తరాంధ్ర. ఇవి తప్పొప్పులు కావు, ఊళ్ళ చిరునామాలు. ఎగతాళికి గురైన పిల్లవాడు యాస ఒక్కటే మానుకోడు, తరగతిలో చెయ్యెత్తడమే మానుకుంటాడు.

ఈ నెల ఇంట్లో ఒక చిన్న పని చేయించండి. అమ్మమ్మ, నానమ్మ, పక్కింటి అత్త, వాచ్‌మన్ అంకుల్ ఇదే ప్రశ్నను ఎలా అడుగుతారో మీ పిల్లలను విని రాసుకోమనండి. ఏ మాట ఏ ఊరిదో మీరు పక్కన కూర్చుని చెప్పండి. అమెరికా యాసకు ఇచ్చే శ్రద్ధలో కొంత ఇంటి యాసకూ దక్కుతుంది.