న్యూయార్క్‌లో భీమరావు

సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా అంబేడ్కర్ విగ్రహం దాదాపు ఒకేలా ఉంటుంది. నీలం సూటు, చేతిలో రాజ్యాంగం, చాచిన చూపుడు వేలు. ఆ విగ్రహం కాకముందటి ఇరవై రెండేళ్ల కుర్రవాడి గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. విదేశీ చదువులకు దరఖాస్తులు నింపే హాస్టల్ విద్యార్థులను చూసినప్పుడల్లా మాకు గుర్తొచ్చేది ఆ కుర్రవాడే.

1913 ఫిబ్రవరిలో తండ్రి రాంజీ చనిపోయారు. జులైలో భీమరావు న్యూయార్క్‌లో దిగారు. బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన ఉపకారవేతనం నెలకు పదకొండున్నర పౌండ్లు, అదీ మూడేళ్లకే. బదులుగా పదేళ్లు బరోడా కొలువు చేస్తానని సంతకం పెట్టి వచ్చారు. ఇంటి దగ్గర రమాబాయి పేదరికంతో పోరాడుతున్నారు. ఆమె లెక్క తీయకుండా ఈ చదువు లెక్క తేలదు.

కొలంబియాలోని హార్ట్లీ హాల్ తిండి ఆయనకు పడలేదు. కొన్నాళ్లు 114వ వీధిలో భారతీయ విద్యార్థుల వసతిలో ఉండి, తర్వాత లివింగ్‌స్టన్ హాల్‌కు మారారు. అక్కడే నవల్ భతేనా అనే పార్సీ స్నేహితుడు దొరికాడు. తొలి నెలల్లో స్నేహితులతో సరదాగా ఊరు తిరిగారని జీవితచరిత్రకారులు రాశారు. చాలామంది ఈ ముక్క దాటేసి నేరుగా పద్దెనిమిది గంటల చదువుకు వెళ్లిపోతారు. మాకు మాత్రం ఆ తిరగడమే ముఖ్యం అనిపిస్తుంది. సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడు, ప్యూను పోస్తే తప్ప నీళ్లు తాగలేని పిల్లవాడు, ఇక్కడ అందరితో ఒకే బల్ల దగ్గర తిన్నారు.

అలాగని ఆ నగరం అందరికీ అలా లేదు. కొలంబియా పక్కనే హార్లెం. దక్షిణాది నుంచి నల్లజాతి కుటుంబాలు వచ్చి చేరుతున్న కాలమది. 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు అంబేడ్కర్ ఉత్తరం రాయడం వెనుక ఈ ఏళ్లు కూడా ఉన్నాయని మా అంచనా.

తర్వాత ఆయన తిరుగుడంతా పాత పుస్తకాల దుకాణాల వైపు మళ్లింది. తిండి ఖర్చు తగ్గించుకుని దాదాపు రెండు వేల పుస్తకాలు కొన్నారు. సెలిగ్మన్ దగ్గర ఆర్థికశాస్త్రం చదివారు, డ్యూయీ పాఠాలు విన్నారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులం పుట్టుక మీద పత్రం చదివారు. ఎవరూ కులం అడగని చోట కూర్చుని కులాన్ని విప్పి చూపారు.

1916లో లండన్ వెళ్లారు. ఏడాదికే ఉపకారవేతనం ఆగింది, తిరుగు ప్రయాణం తప్పలేదు. వేరే ఓడలో వేసిన సామాను టార్పెడో దెబ్బకు సముద్రం పాలైంది. నష్టపరిహారంగా వచ్చిన 600 రూపాయలే బరోడా ప్రయాణానికి ఆధారం. అక్కడ ఆయనకు అద్దెకు గది దొరకలేదు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు దూరం నుంచి విసిరారు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే, కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. న్యూయార్క్‌లో మూడేళ్లు దొరికిన గది సొంత దేశంలో పదకొండు రోజులే దక్కింది.

1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1923లో డీఎస్సీ పూర్తి చేశారు. ఈసారి బరోడా డబ్బు లేదు. సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో దాచుకున్నది, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం, వాటికి తోడు ఐదు వేల రూపాయల అప్పు. అప్పిచ్చింది లివింగ్‌స్టన్ హాల్ స్నేహితుడు భతేనా.