కూపరు కవి – మేరీ అన్విను

ఆంగ్లకవులలో సుప్రసిద్ధుడగు విలియం కూపరు 1731వ సంవత్సరమున జన్మించెను. ఆరవయేటనే యాతని తల్లి గతించెను. పెరిగి న్యాయశాస్త్రము నభ్యసించెను గాని, 1763లో ప్రభువుల సభయందొక యుద్యోగమునకై పరీక్షకు నిలువవలసి రాగా భయవిహ్వలుడై ప్రాణత్యాగమునకు సైతము యత్నించెను. అంతట బంధువు లాతనిని కాటన్ అను వైద్యుని చికిత్సాలయమున నుంచిరి.

స్వస్థుడైన పిమ్మట 1765లో హంటింగ్డను పట్టణమున మోర్లీ అన్విను అను బోధకుని యింట నాశ్రయము పొందెను. రెండేండ్లకు ఆ బోధకుడు గుఱ్ఱముపైనుండి పడి మరణించెను. పిదప ఆయన భార్య మేరీయు, కూపరును ఓల్నీ యను నూరికి కాపురము మార్చిరి.

1773లో పూర్వవ్యాధి మరల దారుణముగా విజృంభించెను. దేవుడు తన్ను శాశ్వతముగా త్యజించెనని కూపరు నమ్మెను. అందఱును తన్ను ద్వేషించుచున్నారనియు, వారిలో మేరీయే మిక్కిలి ద్వేషించుచున్నదనియు, తన భోజనమున విషము కలసియున్నదనియు తలంచెను. అట్టి నింద మోసియు నామె యాతనిని విడువలేదు. ప్రక్కనుండి పరిచర్య చేసెను. ఆ యూరి బోధకుడగు జాన్ న్యూటను వారిరువురకును ఏడాదికి పైగా తన యింటనే చోటిచ్చెను.

క్రమముగా కూపరు తోటపనియు వడ్రంగమును చేపట్టెను. మూడు కుందేళ్లను పెంచి, వాని గూళ్లను తానే నిర్మించెను. 1780వ సంవత్సరపు శీతకాలమున దీర్ఘకావ్యము వ్రాయుమని మేరీ ప్రోత్సహించెను. తత్ఫలితముగా 1782లో నాతని కావ్యసంపుటము, 1785లో ‘ది టాస్క్’ అను మహాకావ్యము వెలువడినవి.

వ్యాధి మాత్రము పూర్తిగా తొలగలేదు; 1787లో మరల వచ్చెను. 1791లో మేరీకి పక్షవాతము సోకెను. అప్పుడు కూపరు తన గ్రంథరచనను ప్రక్కనుంచి, తనకు జరిగిన సేవ నామెకు తాను చేసెను. ఆమె 1796లోను, ఆతడు 1800లోను ఈస్ట్ డీరహామున మరణించిరి.

విద్యార్థులారా! ఇట్టి విషాదము వ్యాధియని వైద్యశాస్త్రము నేడెఱిగి చికిత్స చేయుచున్నది. ఆత్మీయులు రోగిని వైద్యుని యొద్దకు చేర్చుటయే ప్రథమకర్తవ్యము. అయినను మందుతోబాటు మనిషియు కావలయును. మేరీ కూపరు వ్యాధిని మాన్పలేకపోయెను. కాని 1773 తరువాత నాతడు 27 ఏండ్లు జీవించెను. ఆతని ప్రధానకావ్యము లన్నియు నా యేండ్లలో పుట్టినవే. దుఃఖితుడు మనలను త్రోసివేయునప్పుడు, ఆ త్రోపు వ్యాధిదే కాని యాతనిది కాదని యెఱిగి, చెంతనే నిలుచుట స్నేహధర్మము.