ముందు నడిచిన డాక్టరమ్మ

మెడికల్ సీటు వచ్చిన వారం మన సంఘాల్లో సందడి ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ మందిరానికి వెళ్లినా ఆ ఆదివారం కృతజ్ఞతార్పణ ఉంటుంది. సీటొచ్చిన బిడ్డను ముందుకు పిలిచి, శాలువా కప్పి, తలపై చేతులుంచి ప్రార్థించి పంపిస్తాం. అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అక్కడే మొదలవుతుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల క్రితం అలా పంపిన ఒక అమ్మాయి క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చి, ఇక కాలేజీకి వెళ్లనని కూర్చుంది. పల్లెటూళ్లో తెలుగు మీడియంలో చదివి పైకొచ్చిన పిల్ల. అనాటమీ పరీక్ష తప్పింది. ఇంట్లో చెప్పలేక, హాస్టల్లో ఎవరినీ అడగలేక నెలల తరబడి లోలోపలే నలిగిపోయింది. తల్లిదండ్రులు మమ్మల్ని పిలిచారు. వాక్యం చదివాం, ప్రార్థించాం. అనాటమీ తప్పిన పిల్లకు ఏం చెప్పాలో మా వేదాంత విద్య మాకు నేర్పలేదు. ఆ బిడ్డను తిరిగి బస్సెక్కించింది మా బోధ కాదు. పక్క ఊరి సంఘానికి చెందిన మూడో సంవత్సరం విద్యార్థిని ఒకామె వచ్చింది. తానూ అదే పరీక్ష తప్పానని చెప్పింది. తన పాత నోట్సు చేతిలో పెట్టి, రోజూ రాత్రి ఫోన్ చేస్తానని మాటిచ్చింది. అంతే!

ముందు నడిచినవారు వెనక వచ్చేవారికి చెయ్యందిస్తే ఎంత మేలు జరుగుతుందో ఆ రోజు కళ్లారా చూశాం. అప్పుడే మాకు డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ జ్ఞాపకం వచ్చారు. తాను నడిచే దారిలో ముందు ఎవరూ లేకపోయినా, వెనక వచ్చేవారికి తోడుగా నిలిచిన మన ప్రాంతపు క్రైస్తవ వైద్యురాలు ఆమె.

హిల్డా 1890లో విశాఖపట్నంలో పుట్టారు. విజయనగరం అప్పుడు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. అందుకే ఆమెను ఉత్తరాంధ్ర ఆడపడుచు అనడం అతిశయోక్తి కాదు. బ్రాహ్మణ కుటుంబమైన ఆ ఇంటికి తాతల కాలంలోనే క్రీస్తు విశ్వాసం వచ్చింది. తండ్రి డేనియల్ లాజరస్ విశాఖలోని సి.బి.ఎం. హైస్కూలును నడిపిన విద్యావేత్త. ఆడపిల్లకు అక్షరాలెందుకని లోకం అడిగే రోజుల్లో కూతుర్ని చదువు వైపు నడిపించిన ఇల్లది.

ఆ రోజుల్లో మన తీరంలో డిగ్రీ ఇచ్చే వైద్య కళాశాల లేదు. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో గాని రాలేదు. కాబట్టి హిల్డా మద్రాసు వెళ్లారు. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే స్త్రీలను చేర్చుకుంది. ప్రపంచంలో అలా తలుపు తెరిచిన తొలి కళాశాలల్లో అదొకటి. తలుపైతే తెరిచారు కానీ, ఆ తలుపు దాటిన భారతీయ యువతులు కొద్దిమందే. ఏ పుస్తకం ముందు చదవాలి, ఏ విభాగం ఎంచుకోవాలి, పరీక్ష తప్పితే ఏం చేయాలి అని అడగడానికి ఈనాటి విద్యార్థినికి సీనియర్లున్నారు. హిల్డాకు అలాంటి అక్కలు ఎందరుంటారు? అయినా ఆమె ప్రసూతి వైద్యంలో బంగారు పతకం అందుకున్నారు. తర్వాత లండన్, డబ్లిన్ నగరాలకు వెళ్లి, స్త్రీల వైద్యంలో, కాన్పుల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందారు.

ఇండియాకు తిరిగొచ్చాక ఆమె ఉమెన్స్ మెడికల్ సర్వీసులో చేరారు. పరదా చాటున ఉండి మగ డాక్టరుకు చూపించుకోలేని స్త్రీల కోసం 1914లో ఏర్పడిన సర్వీసు అది. అందులో నియామకం పొందిన తొలి భారతీయ మహిళ హిల్డా. తొలి వ్యక్తి అనే మాట వినడానికి గొప్పగా ఉంటుంది. బతకడానికి మాత్రం ఒంటరిగా ఉంటుంది. తెల్లదొరసానుల మధ్య తనలాంటి మనిషి మరొకరు లేని చోట, ఆమె చేసే ప్రతి పొరపాటూ తన జాతి ఆడవాళ్లందరి లెక్కలోకి వెళ్లే కాలమది. అలాంటి చోట నెగ్గినవారికి ఒక శోధన ఎదురవుతుంది. నేను కష్టపడి వచ్చాను, మిగతావాళ్లూ కష్టపడనీ అనిపిస్తుంది. హిల్డా ఆ దారిన పోలేదు.

సుమారు 30 ఏళ్ల ఆ సర్వీసులో ఆమె రోగులను చూడడంతో ఆగలేదు. వెళ్లిన చోటల్లా నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇచ్చే పని భుజాన వేసుకున్నారు. తెలుగుతో పాటు తమిళం, మలయాళం, హిందుస్తానీ భాషల్లో పనిచేశారు. మగవారితో కలిసి చదవడానికి ఇళ్లలో ఒప్పుకోని అమ్మాయిల కోసం ఢిల్లీలో 1916లో లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీ మొదలైంది. హిల్డా అక్కడ పనిచేశారు. 1940ల మొదట్లో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ తర్వాత మొత్తం ఉమెన్స్ మెడికల్ సర్వీసుకే అధిపతి అయ్యారు. ఒకనాడు ఒంటరిగా అడుగుపెట్టిన దారిలో ఇప్పుడు ఆమె వెనక ఎందరో ఆడపిల్లలు నడుస్తున్నారు.

ఆమె జీవితంలో అసలైన మలుపు పదవీ విరమణ వేళ వచ్చింది. 1947 నాటికి ఆమెకు 57 ఏళ్లు. పేరుంది, గౌరవముంది. పింఛను తీసుకుని విశాఖ సముద్రపు గాలిలో విశ్రాంతి తీసుకుంటే కాదనేవారు లేరు. కానీ వెల్లూరు నుంచి పిలుపొచ్చింది.

వెల్లూరు కథ మన విశ్వాసుల్లో చాలామందికి తెలుసు. ఐడా స్కడర్ అనే అమెరికన్ మిషనరీ కూతురు, ఒక రాత్రి తిండివనంలో ముగ్గురు గర్భిణులు కాన్పు కష్టమై చనిపోవడం చూసింది. వారి ఇళ్లవాళ్లు మగ డాక్టరును లోపలికి రానివ్వలేదు. ఆమెకేమో వైద్యం తెలియదు. ఆ రాత్రి ఆమె తన జీవితపు దారి మార్చుకుంది. అమెరికాలో డాక్టరై 1900లో తిరిగొచ్చింది. 1918లో వెల్లూరులో అమ్మాయిలకు వైద్య పాఠశాల తెరిచింది. తొలి తరగతిలో 14 మంది 1922లో డిప్లొమా అందుకున్నారు. ఒక్క స్త్రీకి వచ్చిన పిలుపు 14 మంది చేతుల్లోకి వెళ్లింది.

అయితే 1930ల చివర పెద్ద ఆపద వచ్చిపడింది. డిప్లొమా చదువును మద్రాసు ప్రభుత్వం ఎత్తివేసింది. ఇక ఎం.బి.బి.ఎస్. నేర్పగలిగితేనే కాలేజీ నిలుస్తుంది. దానికి ఎక్కువ పడకలు కావాలి, పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు కావాలి, డబ్బు కావాలి. 70 ఏళ్లు దాటిన ఐడా అమెరికాలో ఊరూరా తిరిగి సహాయం కోరారు. 1942లో ఎం.బి.బి.ఎస్.కు అనుమతి వచ్చింది. 1947లో అబ్బాయిలను కూడా చేర్చుకున్నారు. ఎదుగుతున్న ఆ సంస్థను నడపడానికి చదువు, అనుభవం, భక్తి మూడూ ఉన్న భారతీయ వ్యక్తి కావలసి వచ్చింది.

హిల్డా వెళ్లారు. ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరై, 1954 వరకు సేవ చేశారు. లండన్‌లో, డబ్లిన్‌లో ఆమె సంపాదించిన డిగ్రీలు, ఢిల్లీలో నేర్చుకున్న పరిపాలన అన్నీ ఇప్పుడు తర్వాతి తరపు పిల్లల చదువుకు ఆధారమయ్యాయి. ఐడా స్కడర్ 1960 వరకు జీవించారు. తాను మొదలుపెట్టిన పనిని ఒక భారతీయ సహోదరి నడిపించడం ఆమె కన్నులారా చూశారు. హిల్డాకు భారత ప్రభుత్వం 1961లో పద్మశ్రీ ఇచ్చింది. 1978లో ఆమె ప్రభువు సన్నిధికి చేరారు.

వెల్లూరు కాలేజీ తన ధ్యేయవాక్యాన్ని మార్కు సువార్త 10:45 నుంచి తీసుకుంది. పరిచారం చేయించుకోవడానికి కాదు, చేయడానికి వచ్చిన ప్రభువు మాట అది. అక్కడ ఒక మంచి అలవాటు నేటికీ ఉంది. ఇల్లు వదిలి వచ్చిన విద్యార్థులను గుంపులుగా చేసి, ఒక్కో గుంపును ఒక అధ్యాపకుని కుటుంబానికి అప్పగిస్తారు. ఆ ఇంట్లో భోజనం దొరుకుతుంది, సలహా దొరుకుతుంది, కన్నీరు కార్చడానికి చోటు దొరుకుతుంది. సంఘాల సిఫారసుతో చేరినవారు చదువయ్యాక మిషన్ ఆసుపత్రుల్లో కొంతకాలం పనిచేసే పద్ధతి కూడా అక్కడిదే.

దేవుడు మన శ్రమలో మనకిచ్చే ఆదరణ, అదే శ్రమలో ఉన్న ఇంకొకరిని ఆదరించడానికేనని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు బోధించాడు. నిర్గమకాండంలో షిఫ్రా, పూయా అనే మంత్రసానులను చూడండి. ఫరో ఆజ్ఞకు ఎదురు నిలిచినప్పుడు వారు ఇద్దరు. ఒక్కరే అయ్యుంటే ఆ ధైర్యం నిలిచేదా? వైద్యవృత్తిలో తోడు ఎంత అవసరమో బైబిలు అంత తొందరగానే మనకు చూపించింది.

హిల్డా చదువు కోసం మద్రాసు దాకా వెళ్లవలసి వచ్చింది. నేడు మన చుట్టూనే కాలేజీలున్నాయి. నెల్లిమర్లలో 2002లో, శ్రీకాకుళంలో 2008లో, రాగోలులో 2016లో, విజయనగరంలో 2023లో వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2019 నుంచి కొత్త విద్యార్థులకు ఫౌండేషన్ కోర్సు కూడా పెట్టారు. మరి మన సంఘం ఏం పెట్టింది? మన మందిరంలో కూర్చునే డాక్టర్లు ఎందరో, మన పిల్లల్లో వైద్యం చదివేవారు ఎందరో మన దగ్గర ఒక కాగితం మీదనైనా రాసి ఉందా?

తల్లిదండ్రులారా, ర్యాంకు ఎంతని అడిగిన నోటితోనే నిద్ర పడుతోందా అని అడగండి. ఏ పీజీ చేస్తే ఎంత కట్నం, ఏ విభాగంలో ఎంత రాబడి అనే లెక్కతో బిడ్డ దారి నిర్ణయించకండి. డాక్టర్లారా, నెలకు ఒక గంట ఇవ్వండి. మీరు గెలిచిన కథ కంటే మీరు తప్పిన పరీక్ష గురించి చెప్పండి, అదే వారికి ఎక్కువ పనికొస్తుంది. సీనియర్ విద్యార్థులారా, మార్గం చూపడానికి పెద్ద ప్రొఫెసరే కానవసరం లేదు, ఒక్క సంవత్సరం ముందుంటే చాలు. ఇక కాపరులమైన మేము ఒప్పుకోవలసింది ఒకటుంది. బిడ్డ మనసు బాగా కుంగిపోయినప్పుడు ప్రార్థనతో పాటు మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం అవిశ్వాసం కాదు.

క్రిస్మస్‌కు ఇంటికొచ్చి ఇక వెళ్లనన్న ఆ అమ్మాయి ఇప్పుడు డాక్టరు. మొన్న మా సంఘం నుంచి ఇంకో పిల్లకు సీటొచ్చింది. శాలువా మేమే కప్పాం. తన నోట్సు కట్ట మాత్రం ఆమే తెచ్చి, ఆ పిల్ల చేతిలో పెట్టి, ఫోన్ నంబరు రాసిచ్చింది.