విష్ణుకుండి గోవిందవర్మ - బౌద్ధాభిముఖ్యము

విష్ణుకుండి రాజైన మొదటి గోవిందవర్మ చరిత్ర చిరకాలము మరుగుపడియుండెను. ఈపూరు శాసనమున అతడు మాధవవర్మకు తండ్రిగా మాత్రమే కానవచ్చును. నల్లగొండ సీమలోని తుమ్మలగూడెమున దొరకిన రెండు తామ్రశాసనములను బి.ఎన్. శాస్త్రి వెలుగులోనికి దెచ్చిన పిదపగాని ఆ రాజు మనఃపరిణామము తెలియరాలేదు.

గోవిందవర్మ క్రీ.శ. 5వ శతాబ్దివాడు. విష్ణుకుండినులు శ్రీపర్వతస్వామి పాదభక్తులు, వైదిక కర్మనిష్ఠులు. ఆ వంశమున బుట్టినవాడు బుద్ధుని శరణుజొచ్చుట ఒక్కనాటి పని కాదు. అతని శాసనమును పరిశీలించినచో దేవాలయములు, విహారములు రెండును అతని ఆదరమునకు పాత్రములైనట్లు తెలియును. పాతదానిని త్రోసి క్రొత్తదానిని చేపట్టిన జాడ అందు లేదు. క్రమముగా సర్వప్రాణిహితమునుగోరు బోధిచిత్తము అతనియందు ప్రబలినది. ఇంద్రపాలనగరమున పట్టమహిషి పరమభట్టారికా మహాదేవి మహావిహారమును కట్టించెను. రాజు తన 37వ రాజ్యవర్షమున, వైశాఖ పూర్ణిమనాడు, ఆ విహారమునకు గ్రామదానము చేసెను. పరిణామమునకు రాణియే ప్రేరకురాలను ఊహ అసంగతము కాదు. శాసనము మాత్రము ఆ మాట చెప్పదు.

రోమక చక్రవర్తి కాన్‌స్టంటైన్ 312 నాటి యుద్ధవిజయముతో క్రైస్తవము వైపు మొగ్గియు, 337లో అవసానకాలమున గాని బాప్తిస్మము పొందలేదు. రాజుల మతపరివర్తనమునకు ఒక తిథిని నిర్ణయింపబూనుట అక్కడను ఇక్కడను కష్టమే.

తొండుపల్లికి ఈశాన్యమున, మూసీ తీరమునందలి చైతన్యపురి గుట్టపై నున్న ప్రాకృతశాసనము గోవిందరాజ విహారమును పేర్కొనుచున్నది. ఆ గోవిందరాజు ఇతడే యని పలువురు పండితులు తలచిరి. లిపి ప్రాచీనతనుబట్టి సందేహించినవారును కలరు. ఆ సందేహము త్రోసిపుచ్చదగినది కాదు.

కుమారుడు మాధవవర్మ తండ్రి బాట పట్టలేదు. పదునొకండు అశ్వమేధములు, వేయి క్రతువులు చేసిన ఖ్యాతి అతనిది. దీనినిబట్టి గోవిందవర్మ విశ్వాసము అతనితోనే అంతరించినదని కొందరు భావింపవచ్చును. కాని రెండవ తుమ్మలగూడెము శాసనము అందుకు విరుద్ధముగా నున్నది. శక 488, అనగా క్రీ.శ. 566లో, ఆ వంశీయుడే యైన విక్రమేంద్ర భట్టారకవర్మ పల్లవ సింహవర్మను జయించి మరలి వచ్చి, ఆ పరమభట్టారికా విహారమునకే ఒక గ్రామమును ధారవోసెను. దక్షిణాపథమును స్తూపవిహారములతో అలంకరించినవాడని పూర్వజుని అందు కీర్తించెను.