ఆర్థర్ ఆష్: ఆయన జీవితము, ఆయన వ్యాధి

టెన్నిస్ క్రీడను ఎరిగినవారెల్లరును ఆర్థర్ ఆష్ పేరు వినియుందురు. వింబుల్డన్‌లో పురుషుల సింగిల్స్ విజేతగా నిలిచిన మొదటి నల్లజాతి క్రీడాకారుడాయన. న్యూయార్కులో అమెరికా ఓపెన్ పోటీలు జరుగు ప్రధాన క్రీడాప్రాంగణమునకు ఆయన పేరే పెట్టబడినది. ఆయన జీవితము క్రీడాచరిత్రకెంత అవసరమో వైద్యచరిత్రకును అంత అవసరము. హెచ్.ఐ.వి. అను వైరస్ దేహమున ప్రవేశించిన పిమ్మట మనుష్యుడెంతకాలము, ఏ తీరున బ్రతుకగలడు? ఈ ప్రశ్నకు నాడు లభించిన సమాధానమునకును, నేడు లభించుచున్న సమాధానమునకును గల దూరమును కొలుచుటకు ఆయన కథయే తగిన కొలబద్ద.

ఆష్ 1943 జూలై 10వ తేదీన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున రిచ్మండ్ నగరమునందు జన్మించెను. ఆ దినములలో అచ్చట నల్లవారికి బడులు వేరు, బస్సులలో చోటు వేరు, ఆటస్థలములు వేరు. తండ్రి నల్లవారి కొఱకు ఏర్పరచిన బ్రూక్‌ఫీల్డ్ పార్కునకు సంరక్షకుడు. కుటుంబము ఆ పార్కులోనే నివసించెడిది. ముంగిటనే టెన్నిస్ కోర్టులుండుట బాలుని భాగ్యము. కాని ఆరేండ్ల ప్రాయముననే, 1950లో, తల్లి మరణించెను. తండ్రి క్రమశిక్షణయందు కఠినుడు. బడి విడిచిన పిదప ఎన్ని నిమిషములలో ఇల్లు చేరవలెనో లెక్కకట్టి చెప్పినవాడు.

ఆ బాలునికి టెన్నిస్ ఓనమాలు దిద్దించినవాడు రాన్ చారిటీ అను కళాశాల విద్యార్థి. శిష్యుని నైపుణ్యము గుర్తించి అతడే లించ్‌బర్గ్ నగరమందలి డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ వద్దకు చేర్చెను. జాన్సన్ వృత్తిచే వైద్యుడు, ప్రవృత్తిచే టెన్నిస్ గురువు. వేసవి సెలవులలో నల్లజాతి పిల్లలను తన యింట నుంచుకొని తీర్చిదిద్దెడివాడు. ఆయన పెట్టిన నియమములు ఆటకంటె నడవడికే యెక్కువ సంబంధించినవి. తీర్పు అన్యాయమైనను మారుమాటాడరాదు. గీతకు రెండంగుళములు ఆవల పడిన బంతిని సైతము లోపల పడినట్లే యెంచి తిరిగి కొట్టవలెను. తెల్లవారి పోటీలలో ఒక నల్లబాలుడు కోపము చూపినచో, మరునాడు మరియొక నల్లబాలునికి ప్రవేశముండదని ఆ గురువెరుగును. ఈ నిగ్రహము ఆష్‌కు జీవితాంతము తోడైనది.

రిచ్మండ్‌లో తెల్లజాతి బాలురతో పోటీపడుటకు ఆయనకు అనుమతి లేదు. కనుక 1960లో సెయింట్ లూయిస్ నగరమునకు పోయి అచ్చట పాఠశాల చదువు ముగించెను. పిదప లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఉపకారవేతనమిచ్చి చేర్చుకొనెను. 1963లో డేవిస్ కప్ పోటీలకు అమెరికా జట్టున స్థానము పొందిన మొదటి నల్లవాడు ఆయనయే. 1966లో పట్టభద్రుడై సైన్యమున చేరి, లెఫ్టినెంటుగా నుండగనే 1968లో అమెరికా ఓపెన్ గెలిచెను. అప్పటికాయన అమెచ్యూరు. అందువలన 14,000 డాలర్ల బహుమతి ఓడిన టామ్ ఒక్కర్‌కు పోగా, గెలిచిన ఆష్‌కు రోజుకు 20 డాలర్ల భత్యము మాత్రమే ముట్టినది. 1970లో ఆస్ట్రేలియా ఓపెన్ ఆయన వశమైనది. 1975 వింబుల్డన్ తుదిపోటీలో తనకంటె తొమ్మిదేండ్లు చిన్నవాడైన జిమ్మీ కానర్స్ తప్పక గెలుచునని లోకమెల్ల తలచెను. కానర్స్ బలమునకు బలముతో బదులీయక, వేగము తగ్గించిన బంతులతో ఆతని నడ్డగించి 6-1, 6-1, 5-7, 6-4 తో ఆష్ విజయమందెను.

దక్షిణాఫ్రికా ప్రభుత్వము జాతివివక్ష కారణముగా 1969లోను, మరుసటి యేడును ఆయనకు ప్రవేశము నిరాకరించినది. ఆయన పట్టు విడువలేదు. 1973లో అనుమతి పొంది అచ్చటి పోటీలలో ఆడెను. 1985లో వాషింగ్టన్‌లోని ఆ దేశపు రాయబార కార్యాలయము ముందు నిరసన తెలుపుచు అరెస్టయ్యెను.

1977లో ఆష్ ఛాయాచిత్రకారిణి యైన జీన్ మూటుసామీని వివాహమాడెను. ఆమె తండ్రివైపు వంశమున కరీబియన్ ద్వీపమగు గ్వాడెలోప్‌నకు వలసపోయిన భారతీయుల రక్తము కలదు. ఆ ఇంటిపేరు మన దక్షిణాది ముత్తుసామియే.

రెండేండ్లు గడచినవి. 1979 జూలైలో, ముప్పదియారేండ్ల వయస్సున, దేహదార్ఢ్యమునకు ఉదాహరణముగా చూపదగిన ఆ క్రీడాకారునికి గుండెపోటు వచ్చెను. తండ్రికిని గుండెజబ్బు కలదు. ఆ డిసెంబరులో నాలుగు బైపాస్‌లతో శస్త్రచికిత్స జరిగెను. 1980లో ఆయన ఆట నుండి విరమించెను. 1983లో మరల శస్త్రచికిత్స అవసరమైనది. ఆ పిమ్మట నీరసము తగ్గక, త్వరగా కోలుకొనుటకై రక్తమెక్కించిరి. ఆ రక్తమున హెచ్.ఐ.వి. ఉండెను.

ఇందెవ్వరి దోషమును చెప్పుటకు వీలులేదు. ఎయిడ్స్ వ్యాధి 1981లో వైద్యుల దృష్టికి వచ్చెను. దానికి మూలమైన వైరస్‌ను 1983లోనే ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దాతల రక్తమున ఆ వైరస్ జాడ పట్టు పరీక్ష అమెరికాలో 1985 మార్చిలో అమలులోనికి వచ్చెను. రెండేండ్ల వ్యవధి ఆయన జీవితగతిని నిర్ణయించినది.

అయిదేండ్లు ఆ వైరస్ ఏ చిహ్నమును చూపక దేహమున పనిచేసినది. రోగనిరోధక వ్యవస్థకు ఆయువుపట్టైన సి.డి.4 కణములను అది మెల్లమెల్లగా హరించును. ఈ కాలముననే ఆయన డేవిస్ కప్ జట్టునకు నాయకుడుగా పనిచేసెను, నల్లజాతి క్రీడాకారుల చరిత్రను మూడు సంపుటములుగా రచింపసాగెను, కామెరా అను పసిబిడ్డను పెంచుకొనెను. 1988లో అకస్మాత్తుగా కుడిచేయి చచ్చుబడినది. మెదడునకు శస్త్రచికిత్స చేయగా టాక్సోప్లాస్మోసిస్ అను అంటురోగము బయల్పడెను. ఆరోగ్యవంతులను అది సాధారణముగా బాధింపదు. ఆయనకది సోకుటకు కారణము వెదకగా ఎయిడ్స్ వెల్లడియైనది. భార్యకును, రెండేండ్లు నిండని కూతునకును వైరస్ సోకలేదని తేలుట ఒక్కటే ఊరట.

అప్పటికి అంగీకృతమైన మందు ఎ.జడ్.టి. ఒక్కటే. అది 1987లో వెలువడినది. ఒంటరిగా వాడిన మందునకు ఆ వైరస్ త్వరలోనే లొంగకుండ రూపము మార్చుకొనును. నాటి వైద్యము మరణమును కొంతకాలము వాయిదా వేయగలిగెనే గాని ఆపజాలదయ్యెను.

ఆష్ ఈ సంగతి రహస్యముగా నుంచెను. తెలిసిన మిత్రులును మూడేండ్లకు పైగా నోరు మెదపలేదు. వ్యాధి బయటపడినచో పసిదాని చుట్టును లోకులు గుసగుసలాడుదురన్న భయము ఆయనది. 1992 ఏప్రిల్‌లో ఒక పత్రిక ఈ వార్త పసిగట్టి ఆయననే ప్రశ్నించినది. పరులు చాటుటకంటె తానే చెప్పుట మేలని తలచి, ఏప్రిల్ 8వ తేదీన విలేఖరుల నెదుట నిలిచెను. కూతురి ప్రస్తావన రాగానే గొంతు పూడుకొనిపోయినది. ఆ భాగమును భార్య చదివెను. వింబుల్డన్‌లో చలింపనివాడు ఆనాడు చలించెను. ప్రముఖుని వ్యాధి ప్రజలకు చెందిన వార్తయా, ఆయన సొంత విషయమా అని ఆ దేశమున చాలదినములు వాదము సాగినది.

మిగిలిన పదినెలలు ఆయన వ్యర్థపుచ్చలేదు. ఎయిడ్స్ నిర్మూలనమునకై ఒక సంస్థను, నగరములలోని పేదల ఆరోగ్యమునకై మరియొక సంస్థను స్థాపించెను. సెప్టెంబరులో, హైతీ శరణార్థులకు జరుగుచున్న అన్యాయమును నిరసించుచు శ్వేతభవనము ముందు అరెస్టయ్యెను. వెంటనే మరల గుండెపోటు వచ్చెను. డిసెంబరు 1వ తేదీన ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించెను. తన ఆత్మకథను ముగించిన కొలది దినములకే, 1993 ఫిబ్రవరి 6వ తేదీన, ఎయిడ్స్ వలన కలిగిన న్యుమోనియాతో న్యూయార్కులో కన్నుమూసెను. వయస్సు నలువదితొమ్మిది. ఒకనాడు ఆయనను ఆడనీయని రిచ్మండ్ నగరము, గవర్నరు భవనమున ఆయన భౌతికకాయముంచి వేలాదిగా తరలివచ్చి నివాళులర్పించినది. 1996లో ఆ నగరపు మాన్యుమెంట్ అవెన్యూలో ఆయన విగ్రహము ప్రతిష్ఠింపబడెను. బానిసత్వము నిలుపుటకై పోరిన సేనానుల విగ్రహములు తరువాత ఆ వీథినుండి తొలగింపబడినవి, ఆష్ విగ్రహము నిలిచియున్నది.

ఆ 1996వ సంవత్సరమే వైద్యమునందును మలుపు. మూడు మందులను కలిపి యిచ్చినచో వైరస్ వాటన్నిటి నొకేసారి తప్పించుకొనజాలదని నిరూపితమైనది. మరుసటి యేడు అమెరికాలో ఎయిడ్స్ మరణములు దాదాపు సగమునకు తగ్గెను. తొలినాళ్ల మందులు బాధాకరములే: కొన్నిటివలన నరములు దెబ్బతినెను, ముఖమున క్రొవ్వు కరిగి రూపు మారెను. క్రమముగా మేలైనవి వచ్చినవి. నేడు మూడు మందులు చేరిన ఒక్క మాత్రను దినమున కొకసారి మ్రింగిన చాలును. వైరస్ పూర్తిగా పోదు. కొన్ని కణములలో దాగియుండును. అందుచే మందు జీవితాంతము మానరాదు. కాని వ్యాధిని ముందే గుర్తించి చికిత్స మొదలిడినవారు ఇతరులకు దరిదాపుగా దీర్ఘాయుష్మంతులగుచున్నారు. రక్తపరీక్షకు అందనంతగా వైరస్ అణగిపోయినవారి నుండి లైంగికముగా అది ఇతరులకు సోకదని కూడ రుజువైనది.

ఈ మార్పున మన తెలుగువారి నేలకును పాలు కలదు. ఖరీదైన ఈ మందులను చవకగా తయారుచేసి ప్రపంచమున పేద దేశములకు అందించిన పరిశ్రమలలో హైదరాబాదువి ముఖ్యమైనవి. మన దేశమున 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఈ చికిత్సను ఉచితముగా నిచ్చుచున్నది.

రోగులు వృద్ధులగుచుండగా వైద్యులకు క్రొత్త ప్రశ్నలెదురైనవి. మందుతో వైరస్ అణగినను దేహమున సన్నని వాపు నిలిచియుండి రక్తనాళములను చెరచును. అందుచే వీరికి గుండెజబ్బు ప్రమాదము ఇతరులకంటె ఇంచుమించు రెట్టింపు. కొలెస్టరాల్ తగ్గించు పిటవాస్టాటిన్ అను మందు ఈ ప్రమాదమును మూడవ వంతునకు పైగా తగ్గించునని, 7,769 మందిపై జరిపిన పరిశోధన 2023లో తేల్చినది. ఆష్ దేహమున ఈ రెండు వ్యాధులు ఒకటితో ఒకటి సంబంధము లేకయే కలిసినవి. గుండె మొదట చెడినది, ఆ గుండెను బాగుచేయబోగా వైరస్ వచ్చినది. నేడు ఆ రెంటిని ఒకే వైద్యుడు, ఒకే రోగియందు, కలిపి చూడవలసి యున్నది.

మందు వచ్చినది. ఆష్ భయపడిన గుసగుస మాత్రము ఇంకను పోలేదు. 2017లో మన పార్లమెంటు చేసిన చట్టము, హెచ్.ఐ.వి. ఉన్నవారికి బడిలో గాని, ఉద్యోగమున గాని, ఆసుపత్రియందు గాని వివక్ష చూపరాదనియు, వారి అనుమతి లేక ఆ విషయము వెల్లడింపరాదనియు శాసించుచున్నది. దినదినము మాత్ర మ్రింగి చదువుకొనుచున్న పిల్లలు మన బడులలోను ఉందురు. వారి సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ఆ రహస్యమును కాపాడి, ఆ బిడ్డను మొదటి వరుసలో కూర్చుండబెట్టినచో, చట్టము కోరునదియు, ఆష్ తన కూతురి కొఱకు కోరుకొన్నదియు నెరవేరినట్లే.