పట్టా పుచ్చుకోని పండితురాలు

సైకాలజీలో పై చదువులకు అప్లికేషను పెట్టే వాళ్ళకి సీనియర్లు చెప్పే మాటలు మూడే మూడు. సబ్జెక్టు క్షుణ్ణంగా చదవాలి, లేబరేటరీలో చెయ్యి తిరిగి వుండాలి, మనల్ని బాగా ఎరిగిన ప్రొఫెసరు చేత ఉత్తరం రాయించుకోవాలి. ఈ మూడూ వుండి కూడా సీటు దొరకని మనిషి ఒకామె వున్నది. ఆమె పేరు మేరీ విటన్ కాల్కిన్స్.

ఆమె 1863లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. స్మిత్ కాలేజీలో 1885లో డిగ్రీ పూర్తి చేసి, 1887లో వెల్లెస్లీ అనే ఆడపిల్లల కాలేజీలో గ్రీకు భాష చెప్పడానికి కుదురుకుంది. కొన్నాళ్ళకి ఆ కాలేజీ వారికి సైకాలజీ చెప్పే మనిషి కావలసి వచ్చింది. అప్పటికి ఆ శాస్త్రమే పసిబిడ్డ. జర్మనీలో వుంట్ పండితుడు లైప్‌జిగ్‌లో లేబరేటరీ పెట్టింది 1879లో. ఇక అందులో తర్ఫీదైన ఆడవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? కాలేజీ వారు కాల్కిన్స్‌నే పిలిచి, ఒక ఏడాది ఎక్కడైనా సైకాలజీ చదువుకుని వస్తే ఆ పాఠాలు నీకే అప్పగిస్తామన్నారు.

ఆ ‘ఎక్కడైనా’ దగ్గరే వచ్చింది చిక్కంతా. మిచిగన్, యేల్, జర్మనీ అన్నీ ఆలోచించింది. ఇంటికి దగ్గరలో వున్నది హార్వర్డు. అక్కడ విలియం జేమ్స్, జొసయా రాయిస్ వంటి ఉద్దండులున్నారు. వాళ్ళిద్దరికీ ఈమెను క్లాసులో కూర్చోబెట్టుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. యూనివర్శిటీ అధ్యక్షుడు ఇలియట్ మాత్రం ససేమిరా అన్నాడు. హార్వర్డు మగవాళ్ళది! తండ్రి వూరుకోలేదు, అర్జీ పెట్టాడు. వెల్లెస్లీ అధ్యక్షురాలు కూడా ఉత్తరం రాసింది. చివరికి 1890 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఎలాంటి అనుమతి? క్లాసులో కూర్చోవచ్చు, విద్యార్థిగా పేరు మాత్రం రిజిస్టరులో వుండదు.

అదే ఏడాది జేమ్స్ గారి ‘సైకాలజీ సూత్రాలు’ అచ్చయింది. ఆయన క్లాసులో చేరిన మగపిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఎందుకు జారుకున్నారో మనకెందుకు గాని, ఆమెకు అదృష్టం కలిసొచ్చింది. లైబ్రరీలో చలిమంటకి ఆ పక్క గురువు, ఈ పక్క శిష్యురాలు కూర్చుని ఆ కొత్త పుస్తకమే పాఠంగా చదువుకున్నారు. ప్రయోగాలు మాత్రం వూస్టర్‌లోని క్లార్క్ యూనివర్శిటీ ప్రొఫెసరు శాన్‌ఫర్డ్ దగ్గర నేర్చుకుంది. తిరిగి వచ్చి 1891లో వెల్లెస్లీలో, ఒక భవనం అటక మీద, సొంతంగా లేబరేటరీ తెరిచింది.

అక్కడితో ఆగిపోయినా ఉద్యోగానికి ఢోకా లేదు. కాని ఆమెకు ఇంకా చదవాలని వుంది. జర్మనీ నించి హార్వర్డుకి వచ్చిన మున్‌స్టర్‌బర్గ్ లేబరేటరీలో పని చేసింది, అదీ అతిథిగానే. (ఆ మున్‌స్టర్‌బర్గ్ శిష్యుడైన నరేంద్రనాథ్ సేన్‌గుప్తాయే కలకత్తా యూనివర్శిటీలో మన దేశపు సైకాలజీ లేబరేటరీకి పునాది వేసింది.) ఒక రంగు, వెంటనే ఒక అంకె, ఇలా వరసగా చూపించి, తరవాత రంగు ఒక్కటే చూపించి దాని అంకె ఏదో చెప్పమనేది. ఎక్కువసార్లు చూపిన జత బాగా గుర్తుంటుందా, లేక కొట్టొచ్చినట్టు కనిపించేదా, చివర చూసిందా? ఎక్కువసార్లు చూసిందే గట్టిగా నిలుస్తుందని తేల్చింది. జ్ఞాపకశక్తి మీద మనం ప్రాక్టికల్స్‌లో చేసే జంట పదాల ప్రయోగానికి మూలం ఇదే.

1895లో జేమ్స్, రాయిస్, మున్‌స్టర్‌బర్గ్ మొదలైన వారంతా కూర్చుని ఆమెను డాక్టరేటుకి పరీక్షించారు. నెగ్గింది. జేమ్స్ గారైతే పొంగిపోయారు. డిగ్రీ ఇవ్వమని సిఫార్సు పైకి వెళ్ళింది. పైవాళ్ళు ఇవ్వలేదు.

ఏడేళ్ళు గడిచాక, 1902లో ఒక బేరం వచ్చింది. హార్వర్డు పక్కనే ఆడవాళ్ళ కోసం వున్న రాడ్‌క్లిఫ్ కాలేజీ పేరు మీద పి.హెచ్‌.డి. ఇస్తామన్నారు. పుచ్చుకోమని మున్‌స్టర్‌బర్గ్ కూడా నచ్చచెప్పాడు. అదే లేబరేటరీలో పని చేసిన ఎథెల్ పఫర్ పుచ్చుకున్నది. ఆమెను తప్పుపట్టడానికి లేదు, పట్టా అవసరం ఎవరిది వారికే తెలుసు. కాల్కిన్స్ మాత్రం మర్యాదగానే వద్దని రాసింది. తాను చదివింది హార్వర్డులో. చదవని చోటు పేరుతో పట్టా తీసుకోవడం నిజం కాదు, పైగా ఆడవాళ్ళకి వేరే పట్టా అనే పద్ధతికి తానే ఒప్పుకున్నట్టవుతుంది అని ఆమె వాదన. అప్పటికే ఆమె ప్రొఫెసరు, కనక తట్టుకోగలిగింది అనేవారుండవచ్చు. అయినా అంత కష్టపడ్డాక, చేతికందిన కాగితాన్ని వెనక్కి పంపాలంటే మనలో ఎంతమందికి చెయ్యి ఆడుతుంది?

పట్టా లేకుండానే 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షురాలయింది, ఆ పదవిలో తొలి మహిళ. 1918లో ఫిలసాఫికల్ అసోసియేషన్‌కీ అయింది. అనుభవాలను ముక్కలుగా కోసి చూస్తే చాలదు, అనుభవించే ‘నేను’ను చూడాలని జీవితాంతం వాదించింది. 1927 ప్రాంతంలో హార్వర్డులో చదువుకున్న పేరుమోసిన సైకాలజిస్టులు కొందరు, థార్న్‌డైక్‌తో సహా, ఆమెకు డిగ్రీ ఇవ్వమని మళ్ళీ అర్జీ పెట్టారు. మళ్ళీ కాదన్నారు. 1929లో రిటైరై, 1930 ఫిబ్రవరిలో కన్నుమూసింది. రాడ్‌క్లిఫ్‌లో చదివిన అమ్మాయిలకి హార్వర్డు పేరుతో పట్టాలు ఇవ్వడం మొదలైంది 1963లో, సరిగ్గా ఆమె నూరవ ఏట.